కొర్ర గుణం దంపుట్లో ఉంది

ఎర్రమల కొండలకు పడమటి పక్కనున్న ప్యాపిలి పక్కా మెట్టసీమ. వాన కురిస్తే పంట, కురవకపోతే లేదు. అలాంటి చోట తరతరాలుగా మనుషుల్ని నిలబెట్టినవి జొన్న, కొర్ర, ఆరిక లాంటి గింజలే. 1983లో రెండు రూపాయలకే కిలో బియ్యం వచ్చాక పండగనాటి వరిబువ్వ రోజూ తినే కూడయింది, కొర్ర మెల్లగా ఇళ్లలోంచి తప్పుకుంది. ఆ బియ్యం ఎన్నో ఆకలి కడుపులు నింపింది, దాన్ని తప్పుపట్టడం భావ్యం కాదు. నలభై ఏళ్లు తిరిగేసరికి, 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపేనాటికి, అదే కొర్ర పట్నం అంగళ్లలో ఖరీదైన సరుకై కూర్చుంది. సంతోషమే. కానీ ఆ అరల్లో ఉన్నదంతా కొర్రేనంటే నేను ఒప్పుకోను. కొర్ర గుణం సగం చేలో తయారవుతుంది, మిగతా సగం పొట్టు తీసే చోట, పొయ్యి మీద తయారవుతుంది. ఈ రెండో సగాన్ని గాలికొదిలేసి పేరొక్కటే అమ్ముకుంటున్నాం.

కొర్ర పుట్టిల్లు ఉత్తర చైనా అంటారు. ఎనిమిది వేల ఏళ్ల కిందటే అక్కడ సాగులో ఉందట. మన దగ్గరికి ఏ దారిన వచ్చిందో పండితులు తేల్చుకుంటారు గానీ, ఈ గింజను ఈ కాలంలో నిలబెట్టిన ఘనత మాత్రం నంద్యాలదే. అక్కడి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం చేసిన పని ఎంత మెచ్చుకున్నా తక్కువే. కృష్ణదేవరాయ, నరసింహరాయ, శ్రీలక్ష్మి, ఆ తర్వాత సూర్యనంది, గరుడ, రేనాడు అంటూ ఒకదాని వెనక ఒకటి రకాలు ఇచ్చింది. సూర్యనంది డెబ్బై అయిదు రోజులకు అటూ ఇటూగా కోతకొస్తుంది. ఆలస్యంగా వాన పడ్డ ఏడు రైతుకు ఆ డెబ్బై అయిదు రోజులే దిక్కు. కొర్ర సాళ్ల మధ్య కంది వేసుకుంటే కొర్ర ముందు ఇంటికొస్తుంది, కంది నింపాదిగా ఎదుగుతుంది. ఇంత తక్కువ నీటితో ఇంత పని చేసే గింజను ముతక ధాన్యం అని లెక్కల్లో రాసుకున్న రోజులున్నాయంటే బాధ కలుగుతుంది.

ఇక దంపుడు సంగతి. కొర్ర గింజ ఇంచుమించు ఆవగింజంత ఉంటుంది, కోలగా, నున్నగా, పసుపుపచ్చగా మెరుస్తూ ఉంటుంది. ఆ మెరుపంతా పైపొట్టుది. అది గట్టిది, మనకు అరగదు, తీయాల్సిందే. దాని కింద పలచని తవుడు పొర, ఒక మూల చిన్న మొలక ఉంటాయి. పీచూ కొవ్వూ ఖనిజాలూ ఎక్కువగా ఉండేది అక్కడే. వరిగింజ పెద్దది కాబట్టి దంచేటప్పుడు కాస్త చెయ్యి తప్పినా నిలుస్తుంది. కొర్రకు ఆ వెసులుబాటు లేదు, దెబ్బ ఎక్కువైతే నూక, తక్కువైతే పొట్టు ఊడదు. అందుకే ముందు గింజను ఎండబెట్టాలి, పొట్టు పెళుసెక్కాలి, లోపలి గింజ మాత్రం పగలకూడదు. రోట్లో పోసి ఇద్దరు ఆడవాళ్లు ఒకరి పోటు వెనక ఒకరు వేస్తుంటే రోకలి గింజను నలగ్గొట్టదు, గింజకు గింజను రాపిడి పెడుతుంది. పొట్టు తీసేది ఆ రాపిడే. ఆ తర్వాత చేట పని. చెరిగితే ఊక గాలికి పోతుంది. నేమితే పొట్టు ఊడని గింజలు ఒక పక్కకు చేరతాయి, వాటిని మళ్లీ రోట్లో వేస్తారు. మణికట్టు ఒక్క విసురులో ఊకనూ నూకనూ మంచి గింజనూ మూడు దారుల్లో పంపే ఆ నేర్పు ఏ కొలతకూ అందదు. రాయలసీమ పల్లెల్లో ఆ విద్య వచ్చిన అవ్వలకు ఏ బిరుదులూ రాలేదు, రావలసింది. అలా దంచిన కొర్రబియ్యం తెల్లగా ఉండదు. లేత పసుపుగా, పట్టుకుంటే కాస్త జిడ్డుగా తగులుతుంది. చేతికి అంటిన ఆ పొడి తవుడే.

వండటంలోనూ రూపాన్ని బట్టి గుణం మారుతుంది. గింజ గింజగా నానబెట్టి, ఎసరు మరిగాక పోసి, సన్నసెగన ఇగర్చి, మూత తీయకుండా ఉమ్మగిలనిస్తే కొర్రబువ్వ పొడిపొడిగా వస్తుంది. గోంగూర పప్పుకూ చెనిక్కాయల ఊరిమిండికీ దాన్ని మించిన జోడీ లేదు. నూకలు పారేసేవి కావు, పాయసానికీ ఉప్మాకూ అవే బాగుంటాయి. జావ కాచి రాత్రంతా పులియనిస్తే అంబలి. ప్రొద్దుటూరులో పుట్టిన ఖాదర్ వలీ ఊరూరా తిరిగి ఈ అంబలి గురించీ నానబెట్టడం గురించీ చెప్పబట్టే ఎన్నో ఇళ్లు మళ్లీ కొర్ర వైపు చూశాయి. 2023లో ఆయనకు వచ్చిన పద్మశ్రీ సీమకు వచ్చినట్టే. పిండి చివరి రూపం. గింజను ఎంత మెత్తగా విసిరితే అంత త్వరగా అరిగి రక్తంలో చక్కెరను పెంచుతుంది. కాబట్టి కొర్ర తిన్నామంటే సరిపోదు, బువ్వగా తిన్నామా, మెత్తటి పిండిగా తిన్నామా అన్నది చూసుకోవాలి. బయటి దేశాల్లో ఈ పట్టింపు బాగా ఉంది. కుట్టు అనే గింజ ఉంది, గడ్డిజాతి కాదు, మన చుక్కకూర కుటుంబానిది. రష్యావాళ్లు దాన్ని గింజగా వేయించి ఉడికిస్తారు, హిమాలయాల్లో పిండి చేసుకుంటారు, జపాన్‌లో సోబా అనే సేమ్యాలు చేస్తారు. అచ్చం కుట్టుపిండితో చేస్తే జువారి, ఎనిమిది పాళ్లకు రెండు పాళ్ల గోధుమపిండి కలిపితే ని-హచి. ఎంత కలిపారో పేరులోనే బయటపెట్టుకున్నారు. మన కొర్ర బిస్కెట్ ఆ ధైర్యం చేయగలదా?

చేయలేదు. పొట్లం ముందు వైపు కొర్ర కంకి బొమ్మ నిండుగా ఉంటుంది. వెనక్కి తిప్పితే చాలా వాటిలో మొదటి పేరు మైదా, ఆ తర్వాత చక్కెర, పామాయిల్. దినుసుల్ని బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది చట్టం, కాబట్టి నిజం అక్కడే చిన్న అక్షరాల్లో దొరుకుతుంది. ఇంతకంటే కడుపు మండించేది పాలిష్ కొర్రబియ్యం. మిల్లులో మళ్లీ మళ్లీ రాపించి తవుడంతా లాగేసి, ముత్యాల్లా తెల్లగా ఉందని గొప్పగా అమ్ముతున్నారు. ఆ తవుడు గొడ్లకు పోతుంది, మిగిలిన పిండిపదార్థం షుగరు రోగి కంచంలోకి వస్తుంది. వరి పాలిష్ వద్దని కొర్రకు మారిన మనిషికి పాలిష్ పట్టిన కొర్ర అంటగట్టడం మోసం కాక మరేమిటి?

దీనికి వ్యాపారులకు ఒక జవాబుంది. తవుడు ఉంచితే కొన్నాళ్లకే ముక్కవాసన వస్తుంది, అందుకే పాలిష్ పడుతున్నాం అంటారు. వాసన వస్తుందన్నది నిజమే, తవుట్లో నూనె ఉంటుంది కదా. కానీ పొట్టుతో ఉన్న కొర్ర ఏళ్ల తరబడి చెడదు, కరువుకాలానికని దాచిందీ అందుకే. గింజగా నిలవ చేసి, కావలసినప్పుడు కావలసినంతే పొట్టు తీస్తే సరిపోతుంది. ఇంకో ఆక్షేపణ ఇంతకంటే బలమైనది. రోకలి పోటు అంటే ఆడవాళ్ల రెక్కల కష్టం, దాన్ని పొగడటం మనకు సులువు అంటారు. ఆ మాటకు తలవంచుతాను. మళ్లీ రోలు దగ్గర కూర్చోమని ఏ ఇల్లాలికీ చెప్పను. దంపుడులోని కొలతను మరకు నేర్పమంటున్నాను. కదిరిలో ఎర్త్ 360 సంస్థ తరఫున దినేశ్ కుమార్ చేసి చూపించింది ఇదే. పైపొట్టు తీసి తవుడు దగ్గర ఆగే మర సాధ్యమేనని ఆ పని చెబుతోంది.

అలాంటి చిన్న మర ప్యాపిలిలో ఒకటి, ఆళ్లగడ్డలో ఒకటి ఉండాలి. రైతు కంకి కొట్టిన గింజను మూటగట్టి దూరపు దళారికి అప్పగించే బదులు ఊళ్లోనే పొట్టు తీయించుకుని బియ్యంగా అమ్ముకునే వీలుండాలి. ఆ మర నడిపే పని, కూలి డబ్బుతో సహా, చేట పట్టడం తెలిసిన ఆడవాళ్ల సంఘాలకే ఇవ్వాలి. ప్రతి పొట్లం మీదా పొట్టు తీసిన తేదీ, పాలిష్ పట్టారో లేదో తెలుగులో పెద్ద అక్షరాలతో అచ్చు వేయాలని చట్టం తేవాలి.