తొలి టాకీలలో కదలిక ఎందుకు తగ్గింది?

నేడు రామకృష్ణాపూర్ వంటి గనుల పట్టణంలో ఒక విద్యార్థి చేతిఫోనుతో దృశ్యం తీస్తే బొమ్మ, మాట ఒకేసారి నమోదవుతాయి. తొలి టాకీల కాలంలో ఈ రెంటినీ కలపడం ఎంతో కష్టమైన పని. ఆ కష్టాన్ని గమనించక, తొలి టాకీలు ఫొటో తీసిన నాటకాలని తీసివేయడం పరిపాటి. ఆ తీర్పులో సగమే సత్యం.

మూకీ కెమెరాను చేతితో తిప్పేవారు. సెకనుకు 16 బొమ్మలు పడినా, 18 పడినా కన్ను సర్దుకొనేది. చెవి అట్లా సర్దుకోదు. వేగం కొంచెం మారినా స్వరం మారిపోతుంది. అందుచేత టాకీకి మోటారు, సెకనుకు 24 బొమ్మల స్థిరవేగం అవసరమైనాయి. కెమెరా చప్పుడు మైకులో పడకుండా పాశ్చాత్య స్టూడియోలలో కెమెరాను, దానిని నడిపేవానిని కూడా మూసిన గదిలో పెట్టారు. మైకు ఉన్నచోటనే నటుడు నిలవవలసి వచ్చింది. బొంబాయిలో 1931 మార్చి 14న విడుదలైన 'ఆలమ్ ఆరా'ను రైళ్ల రొద తప్పించుకొనేందుకు చాలావరకు రాత్రివేళ తీశారు.

ఆ చిత్రానికి వాడిన టానార్ పద్ధతిలో బొమ్మ, శబ్దం ఒకే ఫిల్ముపై పడేవి. చిక్కు ఇక్కడే ఉన్నది. ప్రొజెక్టరులో బొమ్మ ఆగి ఆగి జరగాలి; శబ్దరేఖ మాత్రం ఆగకుండా సాగాలి. కావున ఈ రెంటినీ ఒకేచోట చదవడం వీలుకాదు. ప్రతి బొమ్మకు చెందిన శబ్దం సుమారు 20 బొమ్మల ముందు ఉంటుంది. బొమ్మను చూచి కత్తెర వేస్తే దాదాపు 5/6 సెకను మాట తెగి పక్కకు పోతుంది. దృశ్యాలను ముక్కలుగా కత్తిరించి కథ నడిపే మూకీ నేర్పునకు దీనితో అడ్డు వచ్చింది.

1932 ఫిబ్రవరి 6న విడుదలైన తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'ను ఈ దృష్టితో చూడాలి. దర్శకుడు హెచ్.ఎం.రెడ్డి సురభివారు ఆడుతున్న నాటకాన్ని తీసుకొని, మునిపల్లె సుబ్బయ్య, సురభి కమలాబాయి వంటి రంగస్థల నటులను నటింపజేశారు. సంభాషణలు, పద్యాలు తడబడకుండా ఏకబిగిన చెప్పగల నటులు వారు. కత్తెర సాయపడని చోట అది గొప్ప బలం. అయితే చివరి వరుసకు వినబడేట్లు పలకడం రంగస్థలపు అలవాటు. దగ్గరలోనే ఉన్న మైకుకు ఆ గొంతు అక్కరలేదు.

క్రమంగా శబ్దానికి వేరే ఫిల్ము, కెమెరాకు చప్పుడు ఆపే తొడుగు, కదిలే మైకుదండ వాడుకలోకి వచ్చాయి. 1935లో కలకత్తా న్యూ థియేటర్స్ వారి 'భాగ్యచక్ర' నేపథ్యగానానికి దారి చూపింది. అటుపిమ్మట కూడా నటుడు నిలబడి పద్యం పాడుతుంటే కెమెరా కదలక చూస్తూ ఉన్న చిత్రాలు వచ్చాయి. వాటి లోపానికి యంత్రాన్ని నిందించరాదు. తొలి టాకీలకు నిర్బంధమైనది తరువాతి వాటికి అలవాటు అయింది. పాత చిత్రాన్ని విమర్శించేవారు ముందుగా ఈ రెంటినీ వేరుచేసి చూడాలి.