అపరాధ పరిశోధక నవలల పాతప్రతులు

భద్రాచల ప్రాంతము 1959లో ఖమ్మం జిల్లాలో చేరునాటికే కొమ్మూరి సాంబశివరావుగారి (1926–1994) డిటెక్టివ్ యుగంధర్, సహాయకుడు రాజు తెలుగు పాఠకులకు పరిచితులు. ఆ చౌకప్రతులు అద్దెపుస్తకముల దుకాణములలో చేతులు మారి నలిగినవి. విమర్శకులు పలువురు వానిని కాలక్షేపమని త్రోసివైచిరి. మిగిలినవానికి గోదావరి తీరారణ్యపు అంచున తేమయు చెదలును శత్రువులు. పునర్ముద్రణము కథను నిలుపును. తొలి ముఖచిత్రమును, నాటి వెలను, ప్రకటనలను నిలుపదు. నవల ఎవరికొరకు పుట్టినదో చెప్పునవి అవియే. 1935లో పెంగ్విన్ వెలువరించిన తొలి పది పుస్తకములలో అగాథా క్రిస్టీ నవల యొకటి. అట్టి ప్రతులను నేడు సేకర్తలు పదిలపరచుచున్నారు. ప్రతిని చూడక నవలను తూచుట విమర్శ కాదని మా అభిప్రాయము. అట్టబొమ్మకై కొనువానికన్న, ముద్రణపుట చదివి పట్టిక వ్రాయు సేకర్తయే పరిశోధకునకు ఆప్తుడు. మన శాఖలు మొదట సేకరింపవలెను, తీర్పు పిదప.