పరిహాసానికి పొలిమేర

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ఐ.ఐ.టి. ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న ప్రేమ్ బజార్‌లో ఒకే టీకొట్టు ముందు తెలుగు, బెంగాలీ, హిందీ భాషలు కలగలసి వినిపిస్తాయి. బెంగాల్–నాగపూర్ రైల్వే నాటి నుంచి ఉద్యోగాలకై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది సొంత ఊరే. ఇటువంటి ఊరిలో రైల్వే మంత్రి మారడం ఇంటి వార్తతో సమానం. దానిపై ఛలోక్తులు పుట్టడమూ సహజమే. అటువంటి ఒక ఛలోక్తి 2012లో పశ్చిమ బెంగాల్‌లో న్యాయస్థానం దాకా వెళ్లింది. రాజకీయ హాస్యానికి హద్దు ఎక్కడ అనే ప్రశ్నను విచారించడానికి ఆ ఉదంతం తగిన ప్రారంభం.

ఆ ఏడాది మార్చి 14న రైల్వే బడ్జెట్‌లో ఛార్జీల పెంపును ప్రతిపాదించిన దినేశ్ త్రివేది సొంత పార్టీ ఆగ్రహానికి గురై పదవి వదులుకోవలసి వచ్చింది. ఆ స్థానంలో ముకుల్ రాయ్ నియమితులైనారు. సత్యజిత్ రాయ్ ‘సోనార్ కెల్లా’ (1974) చిత్రంలోని సంభాషణల ఫక్కీలో ఈ మార్పుపై ఒక వ్యంగ్యచిత్రం వెలువడింది. దానిని ఈ-మెయిల్‌లో ఇతరులకు పంపినందుకు జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర ఆచార్యులు అంబికేశ్ మహాపాత్ర ఏప్రిల్‌లో అరెస్టయ్యారు. దుష్టుడు మాయమైపోయాడనే పిల్లల సినిమా మాటను అధికారపక్షం ప్రాణహాని సూచనగా చదివింది. ఆయనపై మోపిన సమాచార సాంకేతిక చట్టంలోని 66ఏ సెక్షనును సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. అయినను కేసు నుంచి ఆయనకు పూర్తిగా విముక్తి లభించేసరికి 2023 వచ్చింది. ఆ చిత్రంలో ఎవరి కులాన్నీ, మతాన్నీ, దేహాన్నీ పరిహసించలేదు. పదవులు మార్చిన తీరు ఒక్కటే దాని లక్ష్యం.

తెలుగునాట ఇటువంటి పరీక్ష అంతకుముందే జరిగింది. ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1987లో ప్రభాకర రెడ్డి దర్శకత్వంలో ‘మండలాధీశుడు’ చిత్రం వచ్చింది. రామారావును పోలిన పాత్రను కోట శ్రీనివాసరావు ధరించారు. విజయవాడ రైల్వేస్టేషనులో అభిమానులు తనపై చేయి చేసుకున్నారనీ, తరువాత తారసపడిన రామారావు మాత్రం తనను మంచి నటుడని మెచ్చుకొన్నారనీ కోట తరువాతి కాలంలో చెప్పుకొన్నారు. నాయకుడు సహించిన దానిని అనుచరులు సహించలేకపోయారన్నమాట. వికృతమైన వేషభాషలు హాస్యానికి కారణమని భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పాడు. స్వయంగా నటుడై, వేషం విలువ తెలిసిన పాలకునికి ఈ సూత్రం కొత్త కాదు. అయితే వేషానుకరణ దగ్గరే ఆగిపోయే హాస్యం అల్పాయువు. పాలనను ప్రశ్నించినప్పుడే అది విమర్శ స్థాయికి చేరుతుంది.

ఇంతవరకు సమస్య సులభమే. 2012 మే నెలలో పార్లమెంటును కుదిపిన వివాదం అంత సులభమైనది కాదు. రాజ్యాంగ రచన ఆలస్యాన్ని ఎత్తిచూపుతూ శంకర్ 1949లో వేసిన చిత్రంలో నత్తపై అంబేద్కర్ కూర్చొని ఉంటారు. వెనుక కొరడాతో నెహ్రూ ఉంటారు. గీసిన నాడు అది పాలకులపై పాలితుల చురక. అదే చిత్రం పదకొండవ తరగతి పాఠ్యపుస్తకంలో చేరినప్పుడు, తరతరాలుగా కొరడాదెబ్బల జ్ఞాపకమున్న ఇంటి విద్యార్థికి అందులో నత్త కనిపించదు, కొరడాయే కనిపిస్తుంది. చిత్రకారుని ఉద్దేశంలో దోషం లేదు. కాని విద్యార్థి మనసు నొచ్చుకోవడం కూడా కల్పితం కాదు. దానికి తగిన సమాధానం తరగతిలో చర్చ. చిత్రాన్ని తొలగించడంతో ఆ చర్చకు అవకాశమే పోయింది.

ఈ మూడు ఉదంతాల నుంచి ఒక విచక్షణ తేలుతుంది. ‘ఎవరైనా నొచ్చుకొన్నారా’ అనే ప్రశ్న హద్దును నిర్ణయించలేదు. నొప్పి కలిగించని వ్యంగ్యం ఉండదు. చూడవలసినది పరిహాసానికి గురైనది ఏమిటన్నది. మనిషి చేసిన పనినీ, ఏలిన పదవినీ ఎంత తీవ్రంగానైనా పరిహసించవచ్చు. మనిషి పుట్టుకనూ, యాసనూ, వైకల్యాన్నీ పరిహసిస్తే అది పాలకునికి తగలక, అదే పుట్టుక, అదే యాస గల సామాన్యునికి తగులుతుంది. తెలుగు యాసతో బెంగాలీ మాట్లాడే రైల్వే కార్మికునికి ఈ తేడా వివరించనక్కరలేదు. మన అలంకారికులు ఔచిత్యమన్నది దీనినే. అనౌచిత్యమే రసభంగానికి మూలమని ఆనందవర్ధనుని మాట. ఆ తీర్పు రచయితదీ, సహృదయునిదీ. హింసకు పురికొల్పే మాటకు చట్టం ఎలాగూ ఉంది. తక్కిన హాస్యం విషయంలో ప్రభుత్వం తానే ఒక కక్షిదారు కనుక న్యాయమూర్తి పీఠానికి దూరంగా ఉండడమే దానికి గౌరవం.

ప్రేమ్ బజార్‌కు సమీపంలోనే హిజ్లీ నిర్బంధ శిబిరపు పాత భవనం ఉంది. 1931 సెప్టెంబరు 16న అక్కడి రాజకీయ ఖైదీలపై వలస ప్రభుత్వపు పోలీసులు కాల్పులు జరపగా ఇద్దరు మరణించారు. 1951లో ఆ భవనంలోనే ఐ.ఐ.టి. ప్రారంభమైంది. ధిక్కారాన్ని బంధించిన గోడల మధ్య విద్యాలయాన్ని నెలకొల్పిన గణతంత్రం, ఒక ఛలోక్తి కోసం ఉపాధ్యాయుని పదకొండేళ్లు కోర్టు చుట్టూ తిప్పడం ఆ వారసత్వానికి తగినది కాదు.