రెండు సిలిండర్లు, ఒక ఉస్తాద్ చెవి

హైదరాబాద్ హయత్‌నగర్ సందుల్లో స్పోర్ట్స్ కారు ఎవరింట్లో ఉంటుంది? ఆటో తిరగడానికే చోటు చాలదు. మన తరానికి ఆ సరదా తీర్చింది రాజ్‌దూత్ 350. కాగితాల మీద పేరు అదైనా అందరూ ఆర్డీ అనే అంటారు, నేనూ అంతే. ఎస్కార్ట్స్ వాళ్ళు యమహా లైసెన్సుతో 1983లో మొదలుపెట్టి, ఆ దశకం ముగిసే వేళకు ఆపేసిన బండి. 347 సీసీ, టూ స్ట్రోక్, పక్కపక్కన రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. మొదట వచ్చిన హై టార్క్ రకానికి 30.5 హార్స్‌పవర్. మైలేజీ గోల భరించలేక తరువాత గొంతు నొక్కి దించిన లో టార్క్ రకానికి 27. వీధుల్లో చేతక్‌లూ లూనాలూ తిరిగే రోజులవి. జపాన్ ఆర్డీకి ముందు చక్రానికి డిస్క్ బ్రేకు ఉండేది, మనకు మాత్రం డ్రమ్ముతో సరిపెట్టారు. అందుకే కుర్రాళ్ళు దానికి 'రాపిడ్ డెత్' అని పేరు పెట్టారంటారు. ఆ పేరు పెట్టినవాళ్ళకు బండి నడపడం రాదని నా గట్టి నమ్మకం. బుల్లెట్ మిత్రులు నవ్వితే నవ్వనీండి.

ఈ ఇంజను పుట్టుక పెద్ద కథే, రెండు ముక్కల్లో ముగిస్తాను. తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్, సైలెన్సర్ ఆకారాన్ని మార్చి, బయటికి పోతున్న పచ్చి పెట్రోలు పొగను పీడన తరంగంతోనే తిరిగి సిలిండర్లోకి నెట్టవచ్చని నిరూపించాడు. ఆయన దగ్గర రేసులు నడిపిన ఎర్న్‌స్ట్ డెగ్నర్ 1961లో పశ్చిమానికి పారిపోయి సుజుకీలో చేరాడు, ఆ విద్య అతని వెంటే జపాన్ చేరింది. పన్నెండేళ్ళు తిరక్కుండా 1973లో ఫిన్లాండ్ వీరుడు యార్నో సారినెన్ 350 సీసీ యమహాతో అమెరికాలో డేటోనా 200 రేసు గెలిచాడు. వెనక పడ్డవాటిలో 750లు ఉన్నాయి! ఆ రేసు బండికీ మన ఇంటి ముందున్న ఆర్డీకీ దూరపు చుట్టరికం కాదు, ఒకే కుటుంబం.

ఇక పనితనం. దీని దగ్గరకొస్తే నాకు కలం ఆగదు.

ఎడమ పక్క కవరు విప్పితే రెండు జతల ప్లాటినం పాయింట్లు కనిపిస్తాయి. ఒక్కో సిలిండరుకు ఒక్కో జత, అంటే ఒకే బండిలో రెండు టైమింగులు. ముందు గ్యాపు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల మధ్య పెట్టుకోవాలి, ఆ తరువాతే టైమింగ్ జోలికి పోవాలి. వరస తిరగేస్తే పడ్డ కష్టమంతా దండగ, ఎందుకంటే గ్యాపు కదిలితే టైమింగూ కదులుతుంది. ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో డయల్ గేజ్ బిగించి, పిస్టన్ పైకొచ్చే చోటు పట్టుకుని, అక్కడి నుంచి సుమారు 2 మిల్లీమీటర్లు వెనక్కి తిప్పాలి. పాయింట్లు విడిపోవలసిన క్షణం అదే. ఇంట్లో చేసుకునేవాళ్ళు బల్బు కడతారు. పాత ఉస్తాదులకు సిగరెట్ కాగితం చాలు. పాయింట్ల మధ్య పెట్టి మెల్లగా లాగుతూ క్రాంకు తిప్పుతారు. కాగితం వదులైన చోటు చూసి ప్లేటు బిగించేస్తారు. అదే పని రెండో పక్క మళ్ళీ మొదటి నుంచి. ఒక పక్క ముందు, ఒక పక్క వెనక కాలితే బండి నడవకపోదు, కానీ పాడదు. మరీ ముందుకు జరిపితే పిస్టన్ నెత్తిన బొక్క ఖాయం.

దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక ఉస్తాద్ ఉన్నాడు. బండి స్టార్ట్ చేసి రెండు సైలెన్సర్ల వెనక చెరో అరచెయ్యి పెడతాడు. గాలి దెబ్బలు రెండు చేతులకూ ఒకేలా తగులుతున్నాయా లేదా, అంతే పరీక్ష. ఒకసారి యాక్సిలరేటర్ వదిలినా వెంటనే కిందికి దిగని ఇంజను శబ్దం దూరం నుంచే విని, "సారూ, ఎడమ పక్క సీల్ పోయింది. గిట్లనే తోల్తే పిస్టన్ మిగలది" అన్నాడు. విప్పి చూస్తే నిజంగా ఎడమ ఆయిల్ సీల్ పెచ్చులూడి ఉంది! టూ స్ట్రోక్‌లో క్రాంకు కేసు గాలి చొరబడని పెట్టె కావాలి. ఎడమ సీల్ పోతే బయటి గాలి చొరబడి మిశ్రమం పలచనవుతుంది, వేడి పెరుగుతుంది. క్లచ్చు వైపున్న కుడి సీల్ పోతే గేర్ ఆయిల్ లోపలికి పీల్చుకుని వీధంతా తెల్లపొగ. ఈ తేడా తెలియనివాళ్ళు పొగ చూసి బోరు చేయించమంటారు. బోరు డబ్బులు పోతాయి, పొగ అలాగే ఉంటుంది.

క్రాంకు పని మరో లోకం. ముక్కలుగా చేసి ప్రెస్సుతో ఒత్తి కూర్చిన క్రాంకు ఇది. కనెక్టింగ్ రాడ్ మార్చాలంటే విడగొట్టి మళ్ళీ కూర్చాలి, కూర్చాక నిటారుగా నిలపాలి. ఆటోనగర్‌లో లారీల మోత మధ్య లేత్ మీద పని చేసే ఒక పెద్దాయన వీ బ్లాకుల మీద క్రాంకు పెట్టి, గేజ్ ముల్లు వంక ఓరగా చూసి, రాగి సుత్తితో ఒకటి కొడతాడు. మళ్ళీ తిప్పి చూస్తాడు. ఇంకొకటి. మిల్లీమీటరులో వందోవంతుల తేడాను సుత్తితో సరిదిద్దే చెయ్యి అది. ఆ పనికి ఆయన పుచ్చుకునే కూలీ చెబితే మీరు సిగ్గుపడతారు.

ఇంట్లో మనం చేసుకోదగ్గవి లేకపోలేదు. యాక్సిలరేటర్ కేబుల్ మధ్యలో చీలి రెండు కార్బొరేటర్లకూ ఆయిల్ పంపుకూ పోతుంది. ఫిల్టరు రబ్బర్లు తీసి రెండు స్లైడుల కింద రెండు వేళ్ళు పెట్టి, ఇంటాయన చేతో అబ్బాయి చేతో మెల్లగా యాక్సిలరేటర్ తిప్పించండి. రెండు వేళ్ళకూ ఒకేసారి కదలిక తెలియాలి. ప్లగ్గు కొస లేత గోధుమరంగులో ఉంటే నిశ్చింత. తెల్లబడితే భయపడాలి, నల్లబడితే తీరుబడిగా చూసుకోవచ్చు.

ఆ ఆయిల్ పంపు దగ్గర నాకు చాలామందితో గొడవ. నమ్మకం లేదని పంపు పీకేసి, ట్యాంకులోనే ఆయిల్ కలుపుకుంటారు. ఇంజను వేగానికీ యాక్సిలరేటర్‌కూ తగ్గట్టు కొలిచి పోసే పంపు అది. వాలులో యాక్సిలరేటర్ మూసి దిగుతున్నప్పుడు ట్యాంకులో కలిపిన ఆయిల్ పెట్రోలుతో పాటే ఆగిపోతుంది. పంపు మాత్రం తన కనీస వంతు తాను పోస్తూనే ఉంటుంది. పంపు తీసేసిన ఆర్డీని నేను ఆర్డీగా ఒప్పుకోను, ఎవరేమనుకున్నా సరే.

కోపం తెప్పించేది ఇది కాదు. పుత్లీబౌలిలో ఒకప్పుడు 'కంపెనీ మాల్' అని అడిగితే కంపెనీ మాలే చేతిలో పెట్టేవారు. ఇప్పుడు అదే అట్టపెట్టె, అదే అక్షరాలు, లోపల మాత్రం డూప్లికేట్. స్ప్రింగు బలం లేని పాయింట్లు, ఇంజను పరుగందుకోగానే ఎగిరెగిరి పడతాయి. కండెన్సరు వేడెక్కితే చేతులెత్తేస్తుంది. పిస్టన్ ఏ లోహంతో పోశారో పోసినవాడికే ఎరుక. దీనికి తోడు 'రెస్టోరేషన్' అనే కొత్త జబ్బు. కవర్ల మీది అచ్చు అక్షరాలు అరిగిపోయేదాకా బఫ్ కొట్టి, అద్దంలా మెరిపించి, అల్లాయ్ చక్రాలు తగిలించి లక్షలకు అమ్ముతారు. లోపల అదే అరిగిన క్రాంకు! సైలెన్సరు లోపలి బాఫిల్ పీకేసి 'సౌండ్ వచ్చింది' అని మురిసే కుర్రాళ్ళను చూస్తే నాకు ఏడుపొస్తుంది. కాడెన్ జీవితకాలం పోరాడి పట్టుకున్న తరంగాన్ని బయటికి వదిలేసి సౌండ్ అంటున్నారు!

పెట్రోలూ మారింది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు పాత రబ్బర్లను ఉబ్బిస్తుంది, గాలిలో తేమ పీలుస్తుంది, మిశ్రమాన్ని కాస్త పలచన చేస్తుంది. మెయిన్ జెట్ ఒక సైజు పెంచి ప్లగ్గు చూసుకోవడం మంచిది. బండి వారాల తరబడి ఆపేటప్పుడు ట్యాపు మూసి, ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు అయిపోయేదాకా ఇంజను నడపండి.

ఆటోనగర్ పెద్దాయన కొడుకు ఆ సుత్తి పట్టలేదు. తప్పు పట్టను, నెలకొక క్రాంకు వస్తే ఇల్లు గడవదు. ఆ నెలకొకటి రావలసిన క్రాంకును మనమే బఫింగు షాపుకు పంపిస్తున్నాం. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, యాభై ఏళ్ళు దాటి అసలు రూపంలో ఉన్న బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. తొలి ఆర్డీలకు ఆ వయసు 2033లో వస్తుంది. అప్పటికి అసలు రూపంలో ఎన్ని ఉంటాయి? ఉన్నవాటి టైమింగ్ ఎవరు పెడతారు?

చౌటుప్పల్, సూర్యాపేట దారిలో పాత ఇళ్ళ వసారాల్లో గోనెపట్టాల కింద ఇంకా ఆర్డీలున్నాయి. దయచేసి కిలోల లెక్కన అమ్మకండి. ఆర్సీ ఎవరి పేరున ఉన్నా కాగితం పారేయకండి. ప్లగ్గులు విప్పి చెరో చెంచా టూటీ ఆయిల్ పోసి, గంటసేపు నాననిచ్చి, కిక్కు చేత్తో మెల్లగా తిప్పండి. కదిలితే ఆయిల్ అలాగే ఉంచి ప్లగ్గులు బిగించండి. కదలకపోతే కాలితో తొక్కవద్దు, సుత్తి అసలే వద్దు. బండిని ట్రాలీలో ఎక్కించి ఆటోనగర్ తీసుకురండి, పెద్దాయన ఇంకా పని మానలేదు.