చివరి నాలుగు పేరాలు

పరిశోధన పత్రంలో చాలామంది తేలిగ్గా కానిచ్చేసేది ముగింపునే. ఫలితాలు చెప్పేశాం కదా, ఇంకేముందన్నట్టు పైన చెప్పిందే మళ్లీ ఒకసారి చెప్పి, మరిన్ని పరిశోధనలు జరగాలని ఓ మాట చేర్చి, సాయపడిన వాళ్లకు నమస్కారం పెట్టి లేచిపోతారు. కానీ చేసిన పనిని బట్టి ఎంతవరకు అనవచ్చో, ఎక్కడ ఆగాలో తేల్చుకోవలసింది అక్కడే. ఆ తేల్చుకోవడం ఎంత నేర్పుగా చేయవచ్చో చూడాలంటే 1953 ఏప్రిల్ 25 నాటి ‘నేచర్’ పత్రికలో జేమ్స్ వాట్సన్, ఫ్రాన్సిస్ క్రిక్ డీఎన్ఏ గురించి రాసిన పత్రాన్ని చివరి నుంచి చదవాలి.

పత్రం రెండు పేజీలైనా నిండదు. ఉన్నది ఒక్క బొమ్మ. అది క్రిక్ భార్య ఒడీల్ గీసింది. మొదటి భాగమంతా ధీమాగా నడుస్తుంది. లైనస్ పాలింగ్, రాబర్ట్ కోరీ ప్రతిపాదించిన మూడు పోగుల నిర్మాణం ఎందుకు కుదరదో చెప్పి, తమ రెండు పోగుల నమూనాను ముందుపెడతారు. పోగుల్లోని క్షారాల్లో ఎడినిన్‌కు థైమిన్, గ్వానిన్‌కు సైటోసిన్ మాత్రమే జతపడతాయని, అందువల్ల ఒక పోగులోని క్షారాల వరుస తెలిస్తే రెండోది దానంతటదే తేలిపోతుందని వివరిస్తారు.

ఇంత చెప్పాక, చివరి నాలుగు పేరాల్లో మొదటిదానికి వచ్చేసరికి స్వరం తగ్గుతుంది. అప్పటిదాకా అచ్చయిన ఎక్స్-రే సమాచారం తమ నమూనాను గట్టిగా పరీక్షించడానికి చాలదంటారు. స్థూలంగా సరిపోతున్నట్టే ఉన్నా, ఇంకా కచ్చితమైన ఫలితాలతో సరిచూసేదాకా ఇది రుజువు కానట్టేనని ఒప్పుకుంటారు. అలాంటి ఫలితాలు కొన్ని ఆ తర్వాతి పత్రాల్లోనే ఉన్నాయని చూపిస్తారు. అవి లండన్ కింగ్స్ కాలేజీ నుంచి వచ్చి, అదే సంచికలో అచ్చయినవి. పరిమితులు చెప్పుకోవడమంటే ఇలా ఉండాలి. ఏ ఆధారం చాలలేదు, ఏది దొరికితే తేలుతుంది, అది ఎక్కడుంది అన్న మూడూ పాఠకుడి చేతికొచ్చాయి. అణకువ కోసం రాసిన మాట ఒక్కటీ లేదు.

రెండో పేరా మొత్తం ఒకే వాక్యం. తాము ఊహించిన జతల అమరికను బట్టి జన్యుపదార్థం నకలయ్యే దారి ఒకటి కనిపిస్తోందని, ఆ సంగతి తమ దృష్టిని దాటిపోలేదని అందులో అంటారు. అంతే, వివరణ లేదు. అవసరమూ లేదు. ఒక పోగు తెలిస్తే రెండోది తెలుస్తుందన్న మాట పైన ముందే పడింది కనుక, శ్రద్ధగా చదువుతున్న పాఠకుడు అప్పటికే ఆ గుమ్మం దాకా వచ్చి ఉంటాడు. జీవశాస్త్రంలోని అతి పెద్ద ప్రశ్నల్లో ఒకదానికి సమాధానం సూచిస్తూ కూడా, జతల అమరిక తమ ఊహేనని, నకలయ్యే దారి సాధ్యమైనది మాత్రమేనని ఆ వాక్యంలోనే గుర్తుచేస్తారు.

ఈ పొదుపు వెనక ఒక వాదన నడిచింది. జన్యుపరమైన పర్యవసానాలు రాయాలని క్రిక్ పట్టుబట్టాడు. నమూనా తప్పేమోనన్న భయం వదలని వాట్సన్ వద్దన్నాడు. ఆ వాక్యం ఇద్దరి మధ్య కుదిరిన రాజీ అని, ఈ ఊహ ముందు మాకే తట్టిందని చాటుకోవడానికి రాసిందని క్రిక్ 1988 నాటి ‘వాట్ మ్యాడ్ పర్స్యూట్’ పుస్తకంలో చెప్పాడు. దాచిపెట్టిన వివరణను 1953 మే 30న మరో పత్రంగా వేశారు. అందులో ఊహించినట్టే, నకలైన ప్రతి డీఎన్ఏ అణువులో పాత పోగు ఒకటి, కొత్త పోగు ఒకటి ఉంటాయని 1958లో మెసెల్సన్, స్టాల్ ప్రయోగంతో చూపించారు.

మూడో పేరా చిన్న హామీ: నిర్మాణం పూర్తి వివరాలు, పరమాణువుల స్థానాలతో సహా, మరోచోట ప్రచురిస్తామని. 1954లో రాయల్ సొసైటీ పత్రికలో ఆ మాట నిలబెట్టుకున్నారు.

ఇక నాలుగోది, కృతజ్ఞతలు. జెర్రీ డోనహ్యూకు ఊరికే ధన్యవాదాలు అనలేదు. నిరంతర సలహాకు, విమర్శకు, ముఖ్యంగా పరమాణువుల మధ్య దూరాల విషయంలో చేసిన సాయానికి అని విడమరిచి చెప్పారు. ఆ తర్వాతి వాక్యం దగ్గరే నేను ఎప్పుడూ ఆగిపోతాను. కింగ్స్ కాలేజీలోని విల్కిన్స్, ఫ్రాంక్లిన్, వారి సహచరుల అముద్రిత ఫలితాల సాధారణ స్వభావం తెలియడం తమకు ప్రేరణ అయిందని అందులో ఉంది. అసలు జరిగింది అంతకంటే ఎక్కువ. రోజలిండ్ ఫ్రాంక్లిన్ పర్యవేక్షణలో గోస్లింగ్ 1952లో తీసిన ఎక్స్-రే చిత్రాన్ని 1953 జనవరిలో విల్కిన్స్ వాట్సన్‌కు చూపించాడు. ఆమె కొలతలున్న నివేదిక మాక్స్ పెరూట్జ్ ద్వారా క్రిక్ చేతికి వచ్చింది.  ప్రతి మాటనూ తూచి రాసిన చేతులు ఇక్కడ మాత్రం తక్కువ తూచాయి.

1954 నాటి పెద్ద పత్రంలో ఆ లోటు కొంత సరిదిద్దారు. కింగ్స్ కాలేజీ సమాచారమే లేకపోతే తమ నిర్మాణం రూపొందే అవకాశం దాదాపు ఉండేది కాదని, బహుశా అసాధ్యమేనని రాశారు. అప్పటికి ఫ్రాంక్లిన్ జీవించే ఉన్నారు. 1958లో, 37 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ ఒక్క వాక్యం 1953లోనే పడి ఉంటే, ఈ నాలుగు పేరాల్లో వేలు పెట్టి చూపడానికి నాకు ఒక్క లోపమూ దొరికేది కాదు.