తెర మీది తప్పు తెరది కాకపోవచ్చు

చెన్నైలో ఇంటి కంప్యూటర్‌లో బొమ్మ సరిగ్గా రావడం లేదంటే చాలామంది మౌంట్ రోడ్డు పక్కనున్న రిచ్చీ స్ట్రీట్ దారి పడతారు. కేబుల్ మొదలు గ్రాఫిక్స్ కార్డు దాకా అన్నీ దొరికే వీధి అది. సరుకు అంత చేరువలో ఉండటంతో తప్పెక్కడుందో తేలకముందే కొనేయడం అలవాటైపోయింది. నా వాదన ఒక్కటే: ఏం మార్చాలో తర్వాత, ఎక్కడ చెడిందో ముందు.

అది తేల్చడానికి పనిముట్లేవీ అక్కర్లేదు. మానిటర్ బటన్ నొక్కితే వచ్చే మెనూ కంప్యూటర్ పంపేది కాదు, మానిటర్ సొంతంగా వేసుకునేది. గీతలు దాని మీదా కనిపిస్తే మానిటర్‌నే అనుమానించాలి. మెనూ శుభ్రంగా ఉండి వెనక బొమ్మ మీద మాత్రమే గీతలుంటే, స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో చూడండి. అందులోనూ గీతలుంటే దోషం కేబుల్ దాకా రాకముందే, కార్డులోనో డ్రైవర్‌లోనో పుట్టింది. లేకపోతే కేబుల్నీ పోర్టుల్నీ చూడాలి. పాత వీజీఏ కేబుల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేర్వేరు పిన్నుల్లో వస్తాయి. వాటిలో ఒకటి వంగితే చాలు, తెరంతా రంగు మారిపోతుంది.

డెస్క్‌టాప్ బాగానే ఉండి ఒక్క వీడియోనే ఆగి ఆగి ఆడుతోందంటే కథ వేరు. అప్పుడు చూడాల్సింది ఆ వీడియోను ఏ పద్ధతిలో కుదించారన్నది. 2003లో వచ్చిన హెచ్.264 పద్ధతి దాదాపు ప్రతి కంప్యూటర్‌లోనూ ఆడుతుంది. 2018 నాటి ఏవీ1ని విప్పే ప్రత్యేక సర్క్యూట్ మాత్రం ఇంటెల్ చిప్‌లలోకి 2020లో, 11వ తరంతో వచ్చింది. అంతకు ముందటి చిప్‌లలో ఆ బరువంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 100 శాతానికి చేరి, జీపీయూ కింద ‘వీడియో డీకోడ్’ సున్నా దగ్గరే ఉందంటే సంగతి తెలిసిపోయినట్టే. అప్పుడు కొత్త మానిటర్ కొన్నా ఒరిగేదేమీ లేదు. వీడియో నాణ్యతను ఒక మెట్టు దించుకుంటే పైసా ఖర్చు లేకుండా పని జరిగిపోవచ్చు. మాటలు వినిపిస్తూ బొమ్మ మాత్రం ఆకుపచ్చగా మారిందా? ప్లేయర్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపి చూడండి. సరిపోయిందంటే డ్రైవర్ అప్‌డేట్ చేసుకోవాలి.

ఇంత తీరిక ఎవరికుంది, విండోస్ ఫార్మాట్ చేస్తే పోలేదా అంటారు. పాడైన డ్రైవర్ దానితో బాగుపడవచ్చు గానీ వంగిన పిన్ను నిటారు కాదు, చిప్‌లో లేని సర్క్యూట్ పుట్టుకురాదు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే. దుకాణంవాళ్లకు మనకన్నా ఎక్కువ తెలుసన్నది మరో మాట. నిజమే, కానీ మనం మోసుకెళ్లిన మానిటర్‌ను వాళ్లు తమ కేబుల్‌తో, తమ కంప్యూటర్‌కు తగిలించి చూస్తారు. ఇంట్లో వచ్చే తప్పు అక్కడ కనిపించకపోవచ్చు. ‘పనిచేయడం లేదండీ’ అనడానికి బదులు, ‘మెనూ బాగుంది, స్క్రీన్‌షాట్ బాగుంది, కేబుల్ మార్చినా గీతలు పోలేదు’ అని చెప్పండి. అనుమానం పోర్టుల దగ్గరికి వచ్చి ఆగుతుంది. ఇక బేరం కొత్త మానిటర్ మీద కాదు, రిపేరు కూలి మీద నడుస్తుంది.