హకమ్ బాధ్యత, థెరపిస్టు శిక్షణ: మినూచిన్ గ్రంథంపై ఒక విమర్శ

దంపతుల మధ్య చీలిక ఏర్పడుతుందన్న భయం కలిగినప్పుడు భర్త బంధువర్గం నుండి ఒక హకమ్‌ను, భార్య బంధువర్గం నుండి ఒక హకమ్‌ను నియమించాలని దివ్య ఖుర్ఆన్ అన్నిసా సూరా (4:35) ఆదేశించింది. ఆ ఇద్దరికి ఉండవలసిన అర్హతలను, అధికారాలను ఫుఖహాలు శతాబ్దాల తరబడి చర్చించారు. అయితే ఈ సున్నితమైన పనిని వారు ఎక్కడ, ఎవరి వద్ద, ఎలా నేర్చుకోవాలన్న ప్రశ్నకు ఆ చర్చలో దక్కిన చోటు తక్కువ.

అమెరికాలో ఈ ప్రశ్నే ఒక విశ్వవిద్యాలయ పాఠ్యక్రమంగా రూపొందింది. అక్కడ దాంపత్య, కుటుంబ చికిత్స లైసెన్సు పొందవలసిన వృత్తి. కాలిఫోర్నియా రాష్ట్రం 1963లోనే ఇందుకు చట్టం చేసింది. నేడు ఆ రాష్ట్రంలో మాస్టర్స్ పట్టాతో పాటు, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో కనీసం 104 వారాల పాటు 3,000 గంటలు పనిచేసి, పరీక్షలలో ఉత్తీర్ణులైన వారికే స్వతంత్రంగా కుటుంబాలను కూర్చోబెట్టి మాట్లాడే అర్హత లభిస్తుంది.

ఈ శిక్షణలో ముస్లిం సమాజం స్వీకరించదగినదేది, విడిచిపెట్టదగినదేది? ఒక విద్యను దాని ప్రకటనలను బట్టి కాక, అందులో చదివించే గ్రంథాన్ని బట్టి అంచనా వేయడం సబబు. అటువంటి గ్రంథాలలో సాల్వడార్ మినూచిన్ రచించిన ‘ఫ్యామిలీస్ అండ్ ఫ్యామిలీ థెరపీ’ ముఖ్యమైనది. 1974లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ప్రచురణగా వెలువడిన ఈ పుస్తకం అర్ధ శతాబ్దం గడిచినా ఆ తరగతులలో ప్రస్తావనకు వస్తూనే ఉంది.

గ్రంథ సారం

మినూచిన్ (1921-2017) అర్జెంటీనాలో ఒక యూదు కుటుంబంలో జన్మించి, వైద్యవిద్య అభ్యసించి, అమెరికాలో స్థిరపడ్డారు. 1965లో ఫిలడెల్ఫియా చైల్డ్ గైడెన్స్ క్లినిక్‌కు సంచాలకులయ్యారు. వ్యక్తి బాధను ఆ వ్యక్తి మనసులో మాత్రమే వెదకరాదని, అతడు మెలిగే కుటుంబ నిర్మాణంలో వెదకాలని ఆయన సిద్ధాంతం. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు అనే లోపలి వర్గాలు ప్రతి ఇంటిలోనూ ఉంటాయి. వాటి మధ్య హద్దులు స్పష్టంగా ఉంటే ఇల్లు నిలుస్తుంది. హద్దులు చెరిగిపోయినా, గోడలుగా మారినా ఇల్లు చెదురుతుంది.

పుస్తకంలో కుటుంబాలతో జరిగిన సంభాషణలను ఇచ్చి, వాటికి వ్యాఖ్య జోడించారు. మదరసాలో మత్న్‌ను, షరహ్‌ను కలిపి చదివినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. భేదమల్లా ఇక్కడ మత్న్ ఒక తల్లి నిట్టూర్పు, ఒక బాలుని మౌనం.

హద్దు అనే మాట

తెలుగులోని ‘హద్దు’ అరబ్బీ ‘హద్ద్’ నుండి వచ్చింది. దాని బహువచనమైన ‘హుదూద్’ అల్ బఖరా సూరాలో (2:229) తలాఖ్ ప్రస్తావన నడుమ పదే పదే వస్తుంది. కనుక దాంపత్యాన్ని హద్దుల పరిభాషలో ఆలోచించడం ముస్లిం పాఠకునికి అపరిచితం కాదు.

ఈ భావన వల్ల కలిగే మేలును ముందుగా ఒప్పుకోవాలి. ఇంట్లో ఎవరెవరు ఉన్నారన్నది అంత ముఖ్యం కాదని, ఎవరి బాధ్యత ఏమిటో స్పష్టంగా ఉండడమే ముఖ్యమని మినూచిన్ అంటారు. అమ్మమ్మ లేక నాయనమ్మ పిల్లల పెంపకంలో పాలుపంచుకున్నంత మాత్రాన ఆ కుటుంబం లోపభూయిష్టం కాదు. ఉమ్మడి కుటుంబాన్నే రోగంగా చూసే పాశ్చాత్య పుస్తకాల నడుమ ఇది న్యాయమైన మాట. అత్త అధికారం ఎక్కడ ముగుస్తుందో, కోడలి అధికారం ఎక్కడ మొదలవుతుందో తేలని ఇళ్లకు ఈ ఒక్క సూత్రం ఎంతో ఉపకరిస్తుంది.

రెండు లోపాలు

అయినా గ్రంథంలో రెండు లోపాలు ఉన్నాయి. మొదటిది కొలబద్దకు సంబంధించినది. సభ్యులు మరీ పెనవేసుకున్న కుటుంబం, మరీ విడివడిన కుటుంబం అని మినూచిన్ రెండు అంచులు చూపారు. ఇవి మెలిగే తీరులే గాని రోగాలు కావని ఆయనే హెచ్చరించారు. కాని పేరు పెట్టిన తరువాత ఆ పేరు హెచ్చరికను మించి ప్రయాణిస్తుంది. పెళ్లయిన కుమారుడు ప్రతి విషయం తల్లితో సంప్రదిస్తే, విద్యార్థి చేతిలోని పటంలో అది వెంటనే ‘పెనవేసుకున్న’ గడిలో పడుతుంది. తల్లి పట్ల సేవాభావానికీ, భార్య హక్కును తల్లికి ధారపోయడానికీ మధ్యనున్న తేడాను ఆ గడి చూపలేదు.

ఈ ప్రమాదాన్ని సూడాన్ మనస్తత్వవేత్త మాలిక్ బద్రీ ముందే పసిగట్టారు. పూర్వ సముదాయాలు ఉడుము కన్నంలో దూరితే ముస్లింలూ వెంట దూరుతారన్న భావం గల హదీసును గుర్తుచేస్తూ, 1975లో ముస్లిం సామాజిక శాస్త్రవేత్తల ఎదుట ఆయన ప్రసంగించారు. 1979లో ఆ వాదాన్నే ‘ది డైలమా ఆఫ్ ముస్లిం సైకాలజిస్ట్స్’ పేర గ్రంథంగా విస్తరించారు.

రెండవ లోపం ఇంకా గంభీరమైనది. నిర్మాణంలో అందరూ భాగాలే అయినప్పుడు కొట్టే చేయి, దెబ్బ తినే చెంప కూడా రెండు భాగాలుగానే కనిపిస్తాయి. 1978లో రేచల్ హేర్-మస్టిన్ ‘ఫ్యామిలీ ప్రాసెస్’ పత్రికలో, కుటుంబ చికిత్స స్త్రీపురుషుల అధికార భేదాన్ని విస్మరిస్తున్నదని ఆ రంగం లోపలి నుండే విమర్శించారు. ఖుర్ఆన్ చెప్పిన హుదూద్ సర్దుబాటుకు లొంగే గీతలు కావు. అవి హక్కులకు కాపలా. మినూచిన్ గ్రంథం ఎవరు ఏ హద్దులో ఉన్నారని అడుగుతుంది. ఎవరి హక్కు పోయిందని అడగడం దానికి అలవాటు లేదు.

అద్దం వెనుక గురువు

ఇన్ని లోపాలున్నా ఈ శిక్షణలో ఒక అమూల్యమైన అంశం ఉంది. విద్యార్థి కుటుంబంతో మాట్లాడుతుండగా, ఒకవైపు నుండి మాత్రమే కనిపించే అద్దం వెనుక గురువు కూర్చుంటాడు. శిష్యుడు పక్షపాతానికి లోనైనా, ఒకరి మాటను తుంచినా అప్పటికప్పుడే దిద్దుతాడు. మరొక ప్రముఖుడు ముర్రే బోవెన్, చికిత్సకుడు మొదట తన కుటుంబంలో తన ప్రవర్తనను పరిశీలించుకోవాలన్నారు. 1967లో పండితుల సభలో తన ఇంటి సంగతులనే విప్పి చెప్పారు. ముహాసబా ఎరిగిన సమాజం దీనిని పరాయి విద్య అనలేదు.

ఇంకొక సంగతి మరువరాదు. మినూచిన్, జే హేలీ, బ్రాలియో మాంటాల్వో కలిసి ఫిలడెల్ఫియాలోని పేద వాడల నుండి, పట్టాలు లేని సామాన్యులను ఎంచుకొని కుటుంబ చికిత్సలో శిక్షణ ఇచ్చారు. వారికి అండగా నిలిచింది గురువు ప్రత్యక్ష పర్యవేక్షణ. విద్యకు ప్రాణం పట్టాలో లేదని ఆ విద్యకు పునాది వేసినవారే ఈ విధంగా నిరూపించారు.

రాజీ, రజామందీ

ఇప్పుడు దృష్టిని ముస్లిం సమాజం వైపు మళ్లించాలి. హనఫీ ఫుఖహాల దృష్టిలో హకమ్‌లు దంపతుల వకీళ్లు. భర్త అధికారమివ్వనిదే వివాహాన్ని విడదీయలేరు. మాలికీ మజ్‌హబ్‌లో వారి తీర్పు కట్టుబడదగినది. 1931లో మౌలానా అష్రఫ్ అలీ థానవీ ‘అల్ హీలతున్నాజిజా’లో బాధిత స్త్రీల విముక్తికై మాలికీ అభిప్రాయాలను ఆశ్రయించారు. 1939 నాటి ముస్లిం వివాహ రద్దు చట్టానికి ఆ కృషి ఒక ప్రేరణ. అధికారం గురించి ఇంత లోతుగా ఆలోచించిన సంప్రదాయం, వినే నేర్పు గురించి ఇంతే శ్రద్ధ చూపవలసి ఉంది.

‘రాజీ’ అన్న మాటకు మూలార్థం సమ్మతించినవాడు అని. కాని పంచాయితీలలో రాజీ కుదురుతుంది, రజామందీ ఉండదు. పదిమంది పెద్దల ఎదుట కోడలు నోరు విప్పదు. ఆ మౌనాన్నే అంగీకారంగా లెక్కిస్తారు. సబ్ర్ వహించమని చెప్పి అదే ఇంటికి పంపుతారు. ఆమె మళ్లీ పుట్టింటి గడప తొక్కినప్పుడు, మొదటి రాజీ ఎందుకు విఫలమైందని ఆ పెద్దలను అడిగేవారు ఉండరు. వారి వెనుక అద్దం లేదు.

కనుక అరువు తెచ్చుకోవలసింది పట్టాను కాదు, అమెరికా కుటుంబపు కొలబద్దను అసలే కాదు. అరువు తెచ్చుకోవలసింది ఆ అద్దాన్ని. కొత్తగా ఈ పనికి పూనుకునే ఖాజీ అనుభవజ్ఞుని సమక్షంలో కొంతకాలం కూర్చోవాలి. భార్య మాటను విడిగా, విద్యావతియైన స్త్రీ సమక్షంలో వినాలి. హింస జరిగిన చోట సర్దుబాటు కంటే ముందు రక్షణ కల్పించాలి. కుదిర్చిన ప్రతి రాజీని ఆరు నెలల తరువాత తిరిగి విచారించాలి. ఇందుకు విశ్వవిద్యాలయం అవసరం లేదు. ఒక మదరసాలోని ఒక గది చాలు.

ఇద్దరూ సంస్కరణ కోరితే అల్లాహ్ సయోధ్య కలిగిస్తాడని ఆ ఆయతు వాగ్దానం చేస్తున్నది. ఆ ‘ఇద్దరూ’ దంపతులని కొందరు ముఫస్సిర్లు, హకమ్‌లని మరికొందరు అన్నారు. రెండవ అర్థమే తీసుకుంటే, మొదటి పరీక్ష దంపతులకు కాదు, తీర్పు చెప్ప కూర్చున్నవారికి.